పదార్థాలు మారినా చెయ్యి ఒక్కటే: చిత్రకారుల మాధ్యమ ప్రయాణాన్ని అధ్యయనం చేయడం ఎలా

ఒక చిత్రకారుడి యాభై అరవై ఏళ్ల పనిని ఒకేచోట ఉంచిన ప్రదర్శనకు వెళ్లినప్పుడు చాలామందికి ఒక తికమక ఎదురవుతుంది. ఒక గదిలో అరచేయంత నల్లని ఎచింగులు (లోహపు పలక మీద గీతలను యాసిడ్‌తో తొలిపించి కాగితం మీద తీసిన ముద్రలు), పక్క గదిలో ముదురు రంగుల చిత్రాలు, ఇంకో గోడకు గాజు వెనక వేసిన బొమ్మలు, నడుమ పీఠాల మీద కాల్చిన మట్టి తలలు, కంచు విగ్రహాలు కనిపిస్తాయి. అన్నిటి మీదా ఉన్న సంతకం మాత్రం ఒకటే. వీటన్నిటినీ ఒకే మనిషి ఎందుకు చేశారు, ఒకదాని నుంచి మరొకదానికి ఎలా వెళ్లారు అన్న ప్రశ్నకు గోడ మీది పరిచయ వాక్యాలు సాధారణంగా ‘బహుముఖ ప్రజ్ఞ’ అన్న ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకుంటాయి. ఆ మాట అబద్ధం కాదు గానీ, దానివల్ల చూసేవారికి తెలిసేది ఏమీ లేదు.

లలితకళల విద్యార్థులు, పత్రికలకు కళావ్యాసాలు రాసేవారు, ఊరికే చూసి ఆనందించడంతో తృప్తిపడని ప్రేక్షకులు ఈ ప్రశ్నను తమంతట తాము ఎలా వెంటాడవచ్చో ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తాను. ఉదాహరణకు నేను తీసుకున్నది ముగ్గురు గురుశిష్యుల వరుస: శాంతినికేతన్‌లో పనిచేసిన బినోద్ బిహారీ ముఖర్జీ (1904–1980), ఆయన శిష్యుడు కె.జి. సుబ్రమణ్యన్ (1924–2016), బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్న మన కె. లక్ష్మా గౌడ్. ముగ్గురూ పదార్థాలు మార్చినవారే, కానీ ముగ్గురి కారణాలూ వేరు. ఎక్కువగా లక్ష్మా గౌడ్ వెంట నడుద్దాం, ఎందుకంటే ఆయన బొమ్మల్లోని మనుషులూ మేకలూ మన ఊళ్లలోనివి.

ఒక్క ప్రశ్నను మాత్రం మొదటి నుంచి చివరి దాకా చేతిలో పట్టుకుని ఉండాలి. కొత్త పదార్థం ఈ కళాకారుడి చేతికి దేన్ని ఒప్పుకోలేదు? ఆ మొండితనానికి చెయ్యి ఏం బదులు చెప్పింది? నా అనుభవంలో మాధ్యమ మార్పును గురించి నిజంగా పనికొచ్చిన ప్రతి విషయమూ ఈ ప్రశ్న నుంచే బయటికి వచ్చింది.

మొదటి మెట్టు: ఒక్క రూపాన్ని పట్టుకోండి

కళాకారుడి పని మొత్తాన్ని ఒకేసారి చదవాలని చూస్తే ఏదీ చేతికి చిక్కదు. అందుకని ఆయన దశాబ్దాల పాటు వదలకుండా వేసిన ఒక్క రూపాన్ని ఎంచుకుని, అది ఏయే పదార్థాల్లోకి వెళ్లిందో వెతకండి. లక్ష్మా గౌడ్ విషయంలో నేను మేకను ఎంచుకుంటాను. 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన పనిలో మేక పదే పదే వస్తుంది, ఒక్కోసారి మనిషితో సమానమైన పాత్రగా వస్తుంది. మేకకు ఇంకో సౌలభ్యం కూడా ఉంది. దాని వెంట్రుకలు, సన్నని కాళ్లు, కొమ్ముల వంపు అనే మూడూ మూడు రకాల పరీక్షలు. ఒక పదార్థానికి సులువైనది మరో పదార్థానికి కొరకరానిదవుతుంది.

ఎంచుకునే రూపం మరీ అరుదైనది కాకూడదు. కనీసం మూడు పదార్థాల్లో, ఇరవై ఏళ్ల వ్యవధిలో దొరకాలి. ముఖమో, చెట్టో, కూర్చున్న స్త్రీయో అయినా సరే.

రెండో మెట్టు: కాలక్రమం పుస్తకం

ఒక పొడుగాటి నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి. మొదటి దానిలో ఏడాది, రెండో దానిలో పదార్థం, కొలతలు, మూడో దానిలో ఆ సమయంలో కళాకారుడు ఎక్కడున్నారు, ఏ ఉద్యోగం చేస్తున్నారు అన్నది, నాలుగో దానిలో అప్పుడు ఆయనకు అందుబాటులో ఉన్న పరికరాలు రాయండి. చాలామంది మొదటి రెండు గడులతో ఆగిపోతారు. అసలు సమాచారం మూడు, నాలుగు గడుల్లో ఉంటుంది.

ఉదాహరణకు లక్ష్మా గౌడ్ హైదరాబాద్‌లోని ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివి, 1963 నుంచి 1965 వరకు బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో కుడ్యచిత్రకళ అభ్యసించారు. ఆయన పేరు దేశమంతా తెలియడానికి కారణమైన ఎచింగుకు పునాది పడింది కూడా అక్కడే. ఈ వాక్యాన్ని పుస్తకంలో రాసుకోగానే ఒక ప్రశ్న పుడుతుంది. గోడంత బొమ్మ నేర్చుకోవడానికి వెళ్లిన మనిషి చిన్న జింకు పలక దగ్గర ఎందుకు కూర్చున్నారు? నాలుగో గడి దీనికి సగం జవాబు చెబుతుంది. ఎచింగుకు ప్రెస్సు కావాలి, యాసిడ్ తొట్టి కావాలి, గాలి బయటికి పోయే గది కావాలి. ఆ రోజుల్లో ఇవన్నీ ఒక విద్యార్థికి దొరికేది అలాంటి విశ్వవిద్యాలయంలోనే. మిగతా సగం జవాబు బొమ్మల్లోనే వెతకాలి.

అదే పేజీ మీద సుబ్రమణ్యన్ వరుసను కూడా రాయండి. ఠాగూరు ‘రాజా’ నాటకాన్ని ఆధారం చేసుకుని లక్నోలోని రవీంద్రాలయానికి ఆయన కాల్చిన మట్టి పలకలతో పెద్ద కుడ్యశిల్పం చేసింది 1963లో. అంటే లక్ష్మా గౌడ్ బరోడాలో అడుగుపెట్టిన సమయానికి ఆయన గురువు చేతులకు మట్టి అంటుకుని ఉంది. శిష్యుడు మట్టిని తన ప్రధాన పదార్థాల్లో ఒకటిగా చేసుకున్నది మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. ఈ రెండు విషయాలు ఒకే పేజీలో ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తీర్పు ఇవ్వకూడదు. పైగా నిజాంపూర్‌లో చిన్నప్పుడే చూసిన మట్టి పనులు, తోలుబొమ్మలు ఆయన జ్ఞాపకంలో ఉండనే ఉన్నాయి. కానీ విత్తనానికీ మొక్కకూ నడుమ ఎంత కాలం గడవవచ్చో ఆ పేజీ కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

తేదీల విషయంలో మూడు జాగ్రత్తలు అవసరం. ఎచింగు పలక మీద బొమ్మ గీసిన ఏడాది, దాని నుంచి ముద్ర తీసిన ఏడాది ఒకటి కాకపోవచ్చు. కంచు విగ్రహానికి మూలమైన మట్టి లేదా మైనపు నమూనా, పోత పోయించిన తేదీ కంటే చాలా ముందుదై ఉండవచ్చు. ఇక కేటలాగుల్లో ‘మిశ్రమ మాధ్యమం’ అని కనిపిస్తే, అది అక్కడితో ఆగిపోయిన సమాచారమని గుర్తించి, ఏమేమి కలిశాయో బొమ్మ ముందు నిలబడి మీరే చూసి రాసుకోండి.

మూడో మెట్టు: పదార్థాన్ని చేత్తో తెలుసుకోండి

ఈ మెట్టును దాటేసి రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను, నేనూ రాశాను. ఆ వ్యాసాల్లో రంగు గురించీ భావం గురించీ ఎన్నో మాటలు ఉంటాయి గానీ, ఆ గీత అలాగే ఎందుకుందో చెప్పే మాట ఒక్కటీ ఉండదు. మీరు కళాకారులు కానక్కర్లేదు. పదార్థం చేతిని ఎక్కడ ఆపుతుందో తెలిసేంత వరకు పనిచేస్తే చాలు. ఏ లలితకళల కళాశాల ముద్రణ విభాగంలోనో, కుమ్మరి ఇంటి ముంగిట్లోనో అనుమతి అడిగి రెండు మూడు రోజులు గడపండి.

ఎచింగుతో మొదలుపెడదాం. జింకు పలక అంచులను ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, పైభాగాన్ని అద్దంలా మెరుగుపెట్టి, సుద్దపొడితో తుడిచి జిడ్డు లేకుండా చేస్తారు. పలకను వేడిచేసి మైనం, తారు, గుగ్గిలం వంటివి కలిసిన పూతను పలుచగా పరుస్తారు. దీన్నే గ్రౌండ్ అంటారు. కొవ్వొత్తి పొగ పట్టించి దాన్ని నల్లగా చేశాక సూదితో బొమ్మ గీస్తారు. సూది లోహాన్ని కోయదు, మైనాన్ని మాత్రమే తొలగిస్తుంది. గీసినచోట నల్లని పూత కింద నుంచి తెల్లగా లోహం మెరుస్తుంది. తర్వాత పలక వెనక భాగానికి వార్నిష్ పూసి, పలుచన చేసిన నైట్రిక్ యాసిడ్‌లో ముంచుతారు. గీతల వెంట చిన్న చిన్న బుడగలు లేస్తాయి. వాటిని ఈకతో మెల్లగా తుడుస్తూ ఉంటారు. గీత ఎంత లోతుగా, ఎంత నల్లగా రావాలన్నది యాసిడ్‌లో గడిపిన నిమిషాలు నిర్ణయిస్తాయి. తేలిక గీతలు చాలనుకున్నప్పుడు పలకను బయటికి తీసి వాటికి వార్నిష్ పూసి మూసేస్తారు, ముదురు కావలసిన గీతలను మళ్లీ ముంచుతారు. ఈ పని పర్యవేక్షణ లేకుండా ఇంట్లో చేయకండి. యాసిడ్‌ను నీళ్లలోకి పోయాలే గానీ నీళ్లను యాసిడ్‌లోకి ఎన్నడూ పోయకూడదు, గది కిటికీలు తెరిచి ఉండాలి, చేతులకు తొడుగులు ఉండాలి.

నేను మొదటిసారి పలక మీద గీసినప్పుడు, కాగితం మీద కుంచె అలవాటు కొద్దీ కొన్ని గీతలను నొక్కి, కొన్నిటిని తేలికగా గీశాను. ముద్ర తీసి చూస్తే అన్నీ ఒకే మందంలో వచ్చాయి. యాసిడ్‌కు నా చేతి బరువుతో పని లేదని, దానికి తెలిసింది కాలం ఒక్కటేనని అప్పుడు అర్థమైంది. కుంచె ఇచ్చే లావు సన్నాల ఒంపును ఈ పదార్థం ఒప్పుకోదు. అందువల్ల ఎచింగు చేసే చెయ్యి వేరే దారి వెతుక్కుంటుంది. ఒక లావు గీత బదులు ఇరవై సన్న గీతలను పక్కపక్కన పేరుస్తుంది, వాటి మీద అడ్డంగా మరికొన్ని గీస్తుంది, నీడను గీతల సాంద్రతతో కడుతుంది. మెత్తని బూడిదరంగు కావాలంటే గుగ్గిలం పొడిని పలక మీద చల్లి, వేడికి అతికించి, యాసిడ్‌లో ముంచే ఆక్వాటింట్ పద్ధతిని ఆశ్రయిస్తుంది. లక్ష్మా గౌడ్ 1970లలో చేసిన నలుపు, బూడిదరంగు బొమ్మల్లో వెంట్రుక, చర్మం, బండరాయి అన్నీ గీతల అల్లికలా ఎందుకు కనిపిస్తాయో రెండు రోజులు పలక ముందు కూర్చుంటే తెలుస్తుంది. ఆ అల్లికలో మనిషి ఒళ్లూ మేక ఒళ్లూ చెట్టు బెరడూ ఒకే జాతివిగా కలిసిపోతాయి. అది ఆయన చూపు, నిజమే. కానీ ఆ చూపుకు సూది, యాసిడ్ తోడు నిలిచాయి.

ఇప్పుడు మట్టి. కుమ్మరి దగ్గర బాగా పిసికిన మట్టి ముద్ద తీసుకుని ఒక మేకను నిలబెట్టే ప్రయత్నం చేయండి. సన్నని నాలుగు కాళ్ల మీద పచ్చి మట్టి పొట్ట నిలవదు, మెల్లగా కుంగుతుంది. కాళ్లు లావు చేయాలి, లేదా పొట్ట కింద ఆసరా పెట్టాలి, లేదా మేకను కూర్చోబెట్టాలి, అదీ కాకపోతే తల ఒక్కటే చేయాలి. బొమ్మ లోపల గుల్లగా ఉండాలి, ఎందుకంటే మందపాటి ముద్దలో తేమ మిగిలిపోతే, మట్టిని కాల్చే ఆవంలో అది ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది. కొన్ని రకాలు పదో వంతు వరకు తగ్గుతాయి. మట్టి మీద పుల్లతో గీసిన గీత రంగు కాదు, గాడి. దానికి నల్లదనం ఇచ్చేది సిరా కాదు, పక్క నుంచి పడే వెలుతురు. కాలిన మట్టి ఎరుపు ఆ మట్టిలోని ఇనుముది. ఆవాన్ని మూసి పొగ పట్టిస్తే అదే మట్టి నల్లబడుతుంది. ఇన్నాళ్లూ గీతల సాంద్రతతో నీడను కట్టిన చెయ్యి ఇక్కడికి వచ్చేసరికి నీడను సూర్యుడికో దీపానికో అప్పగించాల్సి వస్తుంది.

గాజు వెనక బొమ్మ వేయడం వీటన్నిటికంటే విచిత్రమైన క్రమశిక్షణ. బొమ్మను గాజుకు ఒక వైపు వేసి, రెండో వైపు నుంచి చూస్తారు. కాబట్టి చూసేవారి కంటికి అన్నిటికంటే ముందుండేదాన్ని మొదట వేయాలి. కనుపాప చుక్క మొదట, ఆ తర్వాత కంటి తెలుపు, ఆ తర్వాత ముఖం రంగు, చివరికి వెనకటి ఆకాశం. నేను అలవాటు ప్రకారం ముఖం రంగు ముందు నింపేశాను. ఇక కళ్లు పెట్టడానికి దారి లేకపోయింది, గాజును పూర్తిగా తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. కాన్వాసు మీద చివర్లో వచ్చే నిర్ణయాలన్నీ ఇక్కడ మొదట్లోనే తీసుకోవాలి. తంజావూరులోనూ బెంగాల్‌లోనూ పాతకాలం నుంచి ఉన్న ఈ పద్ధతిని సుబ్రమణ్యన్ 1970ల చివర్లో చేపట్టి దశాబ్దాల పాటు కొనసాగించారు, లక్ష్మా గౌడ్ కూడా దానిలో పనిచేశారు. ముందే గట్టి ఆకృతి మనసులో లేనివారు గాజు మీద నిలవలేరు. అందుకే చాలామంది దాని దగ్గరికి ఆలస్యంగా, చెయ్యి బాగా తిరిగాక వస్తారని నా ఊహ.

కంచు గురించి క్లుప్తంగా చెబుతాను. మైనంతో చేసిన రూపానికి మట్టి కవచం కట్టి, వేడిచేసి మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలోకి లోహం పోస్తారు. పోత పోసేది చాలాసార్లు కళాకారుడు కాదు, పోత పనివారు. కాబట్టి విగ్రహం మీద కనిపించే ఏ జాడ ఎవరి చేతిది అన్నది అక్కడ విడిగా తేల్చుకోవాల్సిన విషయం.

నాలుగో మెట్టు: మార్పుకు కారణాన్ని వెతకండి

‘కొత్తదనం కోసం’ అన్న జవాబు దగ్గర ఆగిపోకండి. కళాకారులే ఆ మాట చెప్పినా ఇంకా అడగండి. కారణాలు చాలాసార్లు ఒంట్లో, ఇంట్లో, జీతంలో, ఊళ్లో ఉంటాయి.

బినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుకతోనే ఒక కంటి చూపు లేదు, రెండో కంటి చూపు చాలా బలహీనం. అయినా 1946–47లో శాంతినికేతన్ హిందీ భవన్‌లో మూడు గోడల పైభాగాన మధ్యయుగ సాధుసంతుల జీవితాన్ని తడి సున్నం మీద చిత్రించారు. ముందుగా పూర్తి కొలత నమూనా గీసుకుని గోడకు ఎక్కించడం కాకుండా నేరుగా గోడ మీదే కూర్చుకుంటూ పోయిన పని అది. 1950ల రెండో సగంలో కంటి ఆపరేషన్ తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన రంగు కాగితాలను కత్తిరించి అతికించి బొమ్మలు చేశారు, చేతులతో తడిమి రూపాలు మలిచారు, 1972లో శాంతినికేతన్‌లోని కళల విభాగమైన కళాభవన్ గోడకు సిరామిక్ పలకలతో పెద్ద కుడ్యచిత్రం రూపొందించారు. ఆయన విద్యార్థి సత్యజిత్ రాయ్ ఆయన మీద డాక్యుమెంటరీ తీసింది కూడా 1972లోనే.

ఈ ఉదంతాన్ని కేవలం మనోధైర్యపు కథగా చదివి కన్నీళ్లు పెట్టుకుని వదిలేయడం ఆయన పనికి అన్యాయం చేయడమే. నోటుపుస్తకం తెరిచి మన ప్రశ్న వేయండి. చూపు లేని చేతికి కుంచె దేన్ని ఒప్పుకోదు? కుంచెతో వేసిన గీత తడిగా ఉంటుంది, తాకితే చెదిరిపోతుంది, ఆరితే వేలికి తగలదు. కత్తిరించిన కాగితానికి అంచు ఉంది. ఆ అంచును వేలు చదవగలదు, ముక్కను కదిపి మళ్లీ పెట్టగలదు. గోడకు అతికే పలకకూ అంచు ఉంది. ఏళ్ల తరబడి గీతలో, ఆకృతిలో సాధన చేసిన మనిషి తన ఆకృతిని వేలికి తగిలే పదార్థంలోకి తరలించుకున్నారు. కత్తెర గీతలో పాత కుంచె గీత వేగం కనిపిస్తుందో లేదో చూడటం ఇప్పుడు మీ పని.

సుబ్రమణ్యన్ కారణాలు వేరు. ఆయన 1959–61 మధ్య అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ పని చూశారు, బరోడా కళాశాల సంతల కోసం ఆటబొమ్మలు చేశారు. చేతివృత్తికీ కళకూ నడుమ గోడ లేదన్న నమ్మకం ఆయనది. ఒక పదార్థం నుంచి మరోదానికి వెళ్లడం ఆ నమ్మకానికి ఆచరణ.

జీతం కోసం చేసే పనిని కూడా చిన్నచూపు చూడకండి. తోట వైకుంఠం బొగ్గు గీతల నుంచి ముదురు ఎరుపు, పసుపు, ఆకుపచ్చల తెలంగాణ స్త్రీమూర్తుల దాకా నడిచిన దారిలో సినిమా కళాదర్శకత్వం కూడా ఉంది. ‘దాసి’ సినిమాకు ఆయన జాతీయ అవార్డు అందుకున్నారు. ఇల్లు, చీర, పాత్రసామాను నిజంగా సమకూర్చి కెమెరా ముందు పెట్టిన అనుభవం కాన్వాసు మీద ఏ జాడ వదిలిందన్నది అడగదగిన ప్రశ్న.

అచ్చుయంత్రం కూడా మాధ్యమమే అన్న సంగతి మన పత్రికల బొమ్మల విషయంలో తరచూ మరిచిపోతాం. గీతబొమ్మను లోహపు దిమ్మగా మార్చి అచ్చువేసే పాత పద్ధతి లైన్ బ్లాకు; ఆ అచ్చులో నలుపు ఉంటుంది, తెలుపు ఉంటుంది, బూడిదరంగు ఉండదు. బాపు గీత అంత తేటగా, ఒక్క విసురులో వంపు తిరిగేలా ఉండటానికి ఆయన ప్రతిభ ఎంత కారణమో, ఆ బ్లాకుకు సరిపడే గీతను రోజూ గీయాల్సి రావడం కూడా అంతే కారణమని నేను నమ్ముతాను. 1967లో ‘సాక్షి’తో ఆయన సినిమాలోకి వెళ్లినప్పుడు ఆ గీత ఏమైందో, ఫ్రేములో ఖాళీ చోటు ఎలా మిగిల్చారో చూడటం తెలుగువారికి దొరికే మంచి అభ్యాసాల్లో ఒకటి.

కొనేవారు మారితే కూడా పదార్థం మారుతుంది. చేర్యాలలోని నకాషీ చిత్రకారులు బట్ట మీద వేసే పటాలు ఒకప్పుడు కులపురాణాలు చెప్పే కథకుల కోసం గజాల కొద్దీ పొడవున తయారయ్యేవి. కథకులు తగ్గిపోయాక అదే చేతులు ఫ్రేముకు సరిపోయే చిన్న బొమ్మల వైపు తిరిగాయి. పొడవు పోవడంతో వరుసగా జరిగే కథ పోయి, ఒక్క ఘట్టం మిగిలింది. ఇది సొంత ఇష్టంతో చేసిన ప్రయోగం కాదు. ఈ తేడాను మీ రాతలో స్పష్టంగా చెప్పాలి.

ఐదో మెట్టు: పక్కపక్కన పెట్టి చూడండి

ఒకే రూపం రెండు పదార్థాల్లో దొరికినప్పుడు, పుస్తకంలోని ఫొటోలను పక్కపక్కన పెట్టే ముందు రెండు పనులు చేయండి.

మొదటిది కొలత. కేటలాగులో అరచేయంత ఎచింగు, ఆరడుగుల కాన్వాసు ఒకే పరిమాణంలో అచ్చవుతాయి. పాత వార్తాపత్రికలను అసలు కొలతలకు కత్తిరించి గోడకు అంటించండి. ముక్కు దగ్గరగా పెట్టుకుని చూడాల్సిన బొమ్మ ఏదో, నాలుగడుగులు వెనక్కి జరిగి చూడాల్సినది ఏదో మీ ఒంటికే తెలుస్తుంది. చేసేటప్పుడు మణికట్టు కదిలిందా, మోచేయి కదిలిందా, భుజం కదిలిందా అన్నది కూడా ఆ కాగితాలే చెబుతాయి.

రెండోది అద్దం. ఎచింగులో బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి, గాజు వెనక బొమ్మలోనూ అంతే. పలక మీద ఎడమ వైపు చూసే మేక ముద్రలో కుడి వైపు చూస్తుంది. కాబట్టి గీసినప్పుడు చెయ్యి కదిలిన దిశ తెలియాలంటే ముద్రను అద్దంలో చూడాలి. కుడిచేతి వాటం మనిషి గీతలు సాధారణంగా ఒక వైపు వాలుతాయి. ముద్రలో ఆ వాలు ఎదురు తిరుగుతుంది. ఈ చిన్న పరీక్ష చేసిన రోజున, అంతకుముందు పదిసార్లు చూసిన ఒక ముద్ర నాకు చేతిరాతలా చదవగలిగేదిగా మారింది.

ఆ తర్వాత మూడు విషయాలు రాసుకోండి: కొత్త పదార్థంలోకి ఏది వచ్చింది, ఏది ఆగిపోయింది, ఇంతకుముందు లేనిది ఏది పుట్టింది. మేక వెంట్రుకల గీతలు మట్టిలోకి వచ్చాయా, వస్తే గాడిగా వచ్చాయా, అచ్చుగుద్దిన చుక్కలుగా వచ్చాయా? కాళ్లు ఏమయ్యాయి? రంగు ప్రవేశించాక గీతల అల్లిక పలుచబడిందా? గట్టిగా ఊహించి రాయకండి, కళ్ల ముందున్న బొమ్మను చూసి రాయండి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆధునిక భారతీయ చిత్రకళ విభాగం, మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ వంటి చోట్ల అసలు బొమ్మల ముందు ఒక్కోదానికి కనీసం అరగంట కేటాయించండి. పది నిమిషాల తర్వాత కన్ను అలసి పక్కకు పోవాలని చూస్తుంది. అప్పుడు కూడా అక్కడే నిలబడితే, అంతవరకు నేపథ్యం అనుకున్న చోట కూడా పని కనిపించడం మొదలవుతుంది.

ఆరో మెట్టు: తిరుగు ప్రయాణం

మాధ్యమాలు మారడం అంటే పాతదాన్ని వదిలి కొత్తదానికి వెళ్లిపోవడం అనుకుంటే కాలక్రమంలో సగం కనిపించదు. లక్ష్మా గౌడ్ మట్టి, కంచు చేసిన కాలంలోనూ గీయడం మానలేదు. కాబట్టి మట్టి పట్టిన తర్వాతి డ్రాయింగులను విడిగా తీసి చూడండి. తల గుండ్రదనాన్ని చూపించే తీరు మారిందా, వెలుతురు ఒక వైపు నుంచే పడుతోందా, గీత ఇప్పుడు అంచును చుట్టి వెనక్కి వెళ్తున్నట్టుందా? కొత్త పదార్థం నేర్పిన పాఠం తరచూ పాత పదార్థంలోనే బయటపడుతుంది.

ఏడో మెట్టు: అడగవలసినవారిని అడగండి

జీవించి ఉన్న కళాకారుడైతే, అనుమతి తీసుకుని, వారి సమయాన్ని గౌరవించి వెళ్లండి. ‘మీకు ప్రేరణ ఏమిటండీ?’ అని అడిగితే వందసార్లు చెప్పిన జవాబే వస్తుంది. ‘ఈ సూది ఎక్కడ చేయించుకున్నారండీ?’, ‘మొదటి ఆవంలో ఎన్ని పగిలాయండీ?’, ‘ప్రెస్సు అందుబాటులో లేని రోజుల్లో ఏం చేసేవారండీ?’ అని అడిగి చూడండి. పెద్దవారు లేచి అటక మీది పెట్టె దించి, అరిగిపోయిన పనిముట్టు చేతిలో పెట్టిన సందర్భాలు నాకు ఉన్నాయి. ముద్రలు తీసే సహాయకులు, పోత పనివారు, ఫ్రేములు కట్టేవారు, ఇంట్లోవారు కూడా సాక్షులే. వారి మాటలను వారి మాటల్లోనే రాసుకోండి, తేదీల విషయంలో మాత్రం మీ పుస్తకంతో సరిచూసుకోండి, ఎందుకంటే జ్ఞాపకం ఏళ్లను సులువుగా కలిపేస్తుంది.

ఎనిమిదో మెట్టు: రాయడం

రాసేటప్పుడు దశాబ్దాల వారీగా గదులు కట్టకండి. ‘తొలి దశ, మలి దశ, పరిణత దశ’ అనే విభజన చదవడానికి సుఖంగా ఉంటుంది గానీ, చివరి పదార్థమే గొప్పదన్న అర్థాన్ని తనకు తెలియకుండానే మోస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో చేసిన ఎచింగు అరవై ఏళ్ల వయసులో చేసిన కంచు కంటే బలంగా ఉండవచ్చు; అలా అనిపిస్తే కారణం చూపించి చెప్పండి. మీరు ఎంచుకున్న రూపాన్ని ఒక పదార్థంలో నిలబెట్టి, అక్కడ చెయ్యి ఎదుర్కొన్న అడ్డంకిని వర్ణించి, ఆ అడ్డంకి ఇంకో పదార్థంలో ఎలా మాయమైందో, దాని బదులు ఏ కొత్తది ఎదురైందో చెప్పుకుంటూ వెళ్లండి. కాలం దానంతటదే కథలోకి వస్తుంది.

మొదటి ప్రతి పూర్తయ్యాక దాన్ని ఒక వారం పక్కన పెట్టి, తర్వాత ప్రింటు తీసుకుని బొమ్మ ఉన్నచోటికే వెళ్లండి. ఒక్కో వాక్యాన్నీ చదివి, ఆ వాక్యంలో ఈ కళాకారుడి పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా సరిపోతుందేమో చూడండి. సరిపోతే పెన్సిలుతో కొట్టేయండి. నేను ఇలా చేసిన మొదటిసారి తొమ్మిది పేజీల వ్యాసం మూడు పేజీలైంది. మిగిలిన మూడు పేజీల్లో సూది గురించీ యాసిడ్ నిమిషాల గురించీ ఉన్న భాగం ఒకటి, పచ్చి మట్టి మేక పొట్ట కింద కుమ్మరి పెట్టిన ఇటుక ముక్క గురించి నేను రాసుకున్న పేరా ఇంకొకటి. ఆ మూడు పేజీలతోనే వ్యాసాన్ని మళ్లీ మొదలుపెట్టాను.